బీరువల ఆగిన పదో తరగతి మెమో

తాళంచెవి

కొత్తగ లెక్చరర్ ఉద్యోగంల చేరుతున్న పిల్లలకు నేను చెప్పదల్చుకున్నది పాఠం గురించి కాదు. పాఠం మెల్లగ వస్తది, రాకపోతే పిలగాండ్లే నేర్పిస్తరు. నేను చెప్పేది బీరువ గురించి.

ఏ కాలేజీల చేరినా రెండో ఏటనో మూడో ఏటనో ప్రిన్సిపల్ పిలిచి ఒక తాళంచెవి చేతుల పెడ్తడు. అడ్మిషన్ల ఇన్‌చార్జి అంటరు. పేరు పెద్దది, పని మాత్రం ఒక ఇనుప బీరువకు కావలి ఉండుడు. అండ్ల పిల్లల అసలు సర్టిఫికెట్లుంటయి. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ. చేరిన్నాడు ఇస్తే చదువు అయిపొయ్యేదాక మన దగ్గరనే. పిలగాడు నడుమల ఇంకో కాలేజీకి పోతే సెక్షన్ల సంఖ్య తగ్గుతదని మనోళ్లు పెట్టుకున్న ఆచారమిది. ఇది ఏ రూలు పుస్తకంల ఉందో ముప్పై ఏండ్లు లెక్కలు చెప్పి దిగిపోయిన నాకు ఇప్పటికీ తెల్వదు.

నా మొదటి ప్రిన్సిపల్ నాగర్‌కర్నూల్ల ఉండె. ధోతి కట్టుకొచ్చే పాత మనిషి, ముక్కు మీద కోపం. ఒకనాడు పగటీలి ఇద్దరం టిఫిన్ గిన్నెలు ఇప్పుకొని తింటున్నం. నల్లమల లోపటి నుంచి ఒక చెంచు పిలగాడు వచ్చి గుమ్మం కాడ నిలబడ్డడు. అడవి శాఖల ఏదో కొలువుకు గా పొద్దే పిలిచిన్రంట, మెమో గావాలె. "తినంగనే రా పో" అన్న నేను. ప్రిన్సిపల్ అన్నం ముద్ద గిన్నెల ఏసి లేసిండు. ఎంగిలి చెయ్యి కడుక్కొని, నా అంగి జేబుల నుంచి తాళంచెవి తనే గుంజుకొని, బీరువ తీసి వానికి మెమో ఇచ్చి పంపిండు. వచ్చి కూసొని నా మొఖం దిక్కు గూడ చూడలే.

"ఇవి మనయి గావయ్యా. అడిగిన గడియల ఇయ్యాలె. తినుడు మనకు రోజూ ఉంటది" అన్నడు.

ఆ తర్వాత ఇంకో ఊర్ల ఇంకో ప్రిన్సిపల్ కింద పని చేసిన. ఆయన పద్ధతి వేరే. ఒక పిలగానికి టీచర్ ట్రైనింగుల సీటొస్తే, పోతే సెక్షన్ ఎత్తేస్తరని పది దినాలు తిప్పించుకొని సీటు పోగొట్టిండు. అప్పుడు నేను చానా మాట్లాడిన. ఆయన ఎనక మాట్లాడిన, ముందట కూడ జర మాట్లాడిన. పాపం అన్న, మనిషేనా అన్న. ఇప్పుడు అనుకుంటే సిగ్గయితది. ఆయన కాలేజీ కోసం ఆపిండు. నేను నా కడుపుమంట కోసం ఆపిన. ఇద్దర్ల ఎవడు హీనుడో మీరే చెప్పున్రి.

నా మోకాలు

నేను కోడేరు దిక్కోణ్ణి. ఇంటర్ చదివేటప్పుడు మిలటరీ ఆఫీసర్ల అకాడమీ పరీక్ష రాసిన. ఇంటర్ తోనే తీసుకొని, వాళ్లే చదివిచ్చి, ఆఫీసర్‌ను చేసి పంపే కొలువది. రాత పరీక్ష పాసైన. భోపాల్‌కు రమ్మన్నరు. ఐదు దినాల ఇంటర్వ్యూ. ఛాతి మీద నంబరు బట్ట కట్టి దుంకిపిస్తరు, మాట్లాడిపిస్తరు, బొమ్మ చూపి కథ రాయమంటరు. ఆ ఐదు దినాలు పేరుతోని పిలువరు, నంబరే పేరు. నాది పదకొండు.

ఆఖరి దినం అందర్ని కుర్చీలల్ల కూసోబెట్టి ఒకాయన కాయితం పట్టుకొని వచ్చిండు. నంబర్లు చదివిండు. మూడే చదివిండు. పదకొండు రాలే. నేను ఆయన నోరే చూసుకుంట ఇంకోటి చదువుతడేమో అని కూసున్న. ఆయన కాయితం మడిచి జేబుల పెట్టుకున్నడు.

ఇంటికొచ్చి బీఎస్సీల చేరిన. వయసు ఇంకొక్క పరీక్షకు మిగిలే ఉండె. ఫారం తెచ్చుకున్న గూడ. ట్రంకు పెట్టెల బట్టల కింద పెట్టిన, తారీఖు దాటేదాక తియ్యలే. మళ్ల పోతే మళ్ల గదే కుర్చీల కూసోవాలె కదా, మళ్ల గాయన కాయితం మడుస్తడు కదా అని భయం. గంతే. ఇంకే కారణం లేదు.

ఊర్ల అడిగిన్రు, ఏమైంది రా అని. "అన్నిట్ల పాసైన, ఆఖరికి డాక్టర్లు మోకాలు బాగలేదన్నరు" అని చెప్పిన. మంచిగ అతికింది ఆ అబద్ధం. అయ్యో అన్నరు. పెండ్లయినంక నా భార్యకు గదే చెప్పిన, స్టాఫ్ రూముల గదే చెప్పిన. చెప్పంగ చెప్పంగ మెట్లెక్కేటప్పుడు మోకాలు పట్టుకునుడు గూడ అలవాటైంది.

మళ్ల రాస్త

రెండు వేల సంవత్సరం దాటి రెండు మూడేండ్లయింది. గప్పుడు నేను వనపర్తి కాలేజీల ఉన్న, ఆ ఊరు అప్పటికి జిల్లా కాలే. బీఎస్సీ మొదటి సంవత్సరం కొత్త పిల్లల్ని నిలబెట్టి పేరేంది, ఊరేంది, ఎండకాలం ఏం చేసినవు అని అడుగుతున్న. నాలుగో బెంచీల ఒక బక్కపల్చని పొడుగు పిలగాడు లేసిండు.

"కుర్మయ్య సార్. పెద్దమందడి దగ్గర మా ఊరు. మిలటరీ ఆఫీసర్ల పరీక్ష పాసై బెంగుళూరు పోయిన సార్. మొదటి దినమే వాపస్ తోలిన్రు."

క్లాసంత పకపక నవ్వింది. వాడు గూడ నవ్విండు. "మళ్ల రాస్త సార్, ఇంకొక్క పారికి వయసుంది" అని కూసున్నడు.

నేను నవ్వలే. పాతికేండ్లు నేను పెండ్లానికి గూడ చెప్పలేని మాటను వీడు అరవై మంది ముందట, ఆడపిల్లలు ఉండంగ, పండ్లికిలించుకుంట చెప్పి కూసున్నడు. నా కడుపుల కాలింది. అది ఓర్వలేనితనం అని నాకు గా గడియనే తెలుసు. సార్లకు పిల్లల మీద కుళ్లు ఉండదంటరు. ఉత్త మాట. ఉంటది. చాక్‌పీసు పట్టుకొని ఉంటది, మార్కులు ఏస్తనే ఉంటది.

అయినా సాయం చేసిన, అబద్ధమెందుకు. నాలుగు గంటలకు క్లాసులైపోయినంక వానికి లెక్కలు చెప్పిన. చెప్పేదేముంది, నేను నాలుగు వరుసలల్ల చేసే లెక్కను వాడు రెండు వరుసలల్ల చేసి, "గిట్ల నడుస్తదా సార్?" అని భయంభయంగ అడుగుతుండె. నడుస్తది రా, నడవకేం అనుకుంట ఎర్రపెన్నుతోని టిక్కు కొడ్తుంటి. ఆ టిక్కు జర గట్టిగనే పడ్తుండె.

ఇంగ్లీషు ఒక్కటే వానికి రాదు. దానికి వాడు ఎంచుకున్న ఉపాయం ఏందంటే, కనబడ్డోనితోనల్ల తప్పుల ఇంగ్లీషు మాట్లాడుడు. బస్సు కండక్టరుతోని గూడ ఇంగ్లీషే. ఒకనాడు ఆ కండక్టరు "తెలుగుల అడుగకుంటే దింపేస్త" అన్నడంట. వచ్చి నాకు నవ్వుకుంట చెప్పిండు. వీనికి సిగ్గనేది ఎందుకు లేదు, నాకెందుకు గంత ఉంది అని గా దినం ఇంటికి పోయేదాక అనుకున్న.

ఒకనాడు అడిగిండు. "సార్, మీరు గూడ పోయిన్రంట కదా. ఆఖరి దినం దాక ఉన్నరంట. ఎట్లుంటది సార్?"

ఐదు దినాలు పూసగుచ్చినట్టు చెప్పిన. ఆఖరికి వచ్చేటాలకు మోకాలు అన్న. వాడు నా కాలు దిక్కు చూసిండు. ఆ చూపుల ఇంత గూడ అనుమానం లేదు.

వారం దినాలకు వాళ్లమ్మ కాలేజీకి వచ్చింది. ఆముదాల చేన్ల నుంచి సీద వచ్చినట్టుంది, కాళ్లకు దుమ్ము. బెంచీ మీద కూసోమంటే కూసోలే.

"సారూ, మీ కాలు మంచిగుంటే మీరు ఇయ్యాల పెద్ద ఆఫీసర్ అయితుంటిరి. రాత అట్ల ఉండె. మా వానికి కాళ్లున్నయి, మాకు తెలివి లేదు. మీరే ఎట్లన్న చేసి తోలియ్యాలె. ఈసారి తప్పితే వయసు దాటిపోతదంట."

"తోలిస్తనమ్మా, ఫికర్ జెయ్యకు" అన్న.

సోమవారం రా

రాత పరీక్ష పాసైండు. మా స్టాఫ్ రూముల మిఠాయి పంచిన్రు. అటెండర్ కాశీం భాయ్ చాయ్ పెట్టుకుంట, "సార్, మీ శిష్యుడు మిమ్మల్ని దాటి పోతడు సూడున్రి" అన్నడు. అందరూ నవ్విన్రు. నేను గూడ నవ్విన. మిఠాయి నోట్ల తియ్యగ లేకుండె.

అప్పటిదాక నా మనసుల ఒక మాట ఉండె. పోతడు, వాపస్ వస్తడు, అప్పుడు నాలెక్కనే అయితడు అనుకున్న. నేను వానికి సాయం చేసింది వాడు గెలవాలని కాదు, నాలెక్క ఓడిపోయిన్నాడు పక్కన ఉందామని.

బేస్తవారం నాడు వాడు బెంగుళూరు నుంచి వచ్చిన ఉత్తరం పట్టుకొని ఉరికొచ్చిండు. మంగళవారం పొద్దుగాల అక్కడుండాలె. అసలు పదో తరగతి మెమో, ఇంటర్ మెమో తేవాలె. వాళ్లక్కను గద్వాలల ఇచ్చిన్రు, సోమవారం అక్క ఇంటికి పోయి మాపటికి అక్కడనే రైలెక్కుతనన్నడు.

"సార్, బీరువల నా మెమోలు..."

ప్రిన్సిపల్ హైదరాబాద్ మీటింగుకు పోయిండు. సోమవారం గాని రాడు. గాయన నాకు ఎప్పుడో చెప్పి పెట్టిండు, ఎవరన్న అడిగితే మీ సంతకం మీదనే ఇచ్చెయ్యిన్రి, నన్ను అడగొద్దు అని. తాళంచెవి నా జేబులనే ఉండె. తొడకు తగులుతుండె.

"ప్రిన్సిపల్ సంతకం గావాలె రా. సోమవారం రా" అన్న.

"సోమవారం పొద్దుగాల్నే బస్సెక్కాలె సార్."

"మరి నేనేం జెయ్యాలె?"

వాడు శుక్రవారం మళ్ల వచ్చిండు. చేతుల జిరాక్సు కాపీలు. ఎప్పుడో తీయించి పెట్టుకున్నయి. "సార్, వీటి మీద మీరు సంతకం పెట్టి ముద్రేస్తే నడుస్తదా? మీరు పోయొచ్చిన్రు కదా, మీకు తెలుసు" అన్నడు.

నాకు తెలుసు. మస్తు మంచిగ తెలుసు. భోపాల్ల నా ముందటి వరుసల నిలబడ్డ ఒక పిలగాణ్ణి అసలు మెమో తేలేదని గేటు కాడి నుంచే ఎన్కకు తోలిన్రు. బ్యాగు భుజాన ఏసుకొని పోతుంటే వాని ఈపును నేను చూసిన.

"నడుస్తది పో" అన్న. సంతకం పెట్టిన, ముద్రేసిన. వాడు వంగి నా కాళ్లు మొక్కిండు. మోకాలు కాడ జర మెల్లగ తాకిండు, నొస్తదేమో అని.

శనివారం, ఐతారం ఎట్ల గడిచినయో చెప్పలేను. మనసుకు నేనే వకీలును, నేనే జడ్జిని. సంతకం అవసరమే కదా అనుకున్న. వాడు మళ్ల అడగలేదు కదా అనుకున్న. రెండోసారి పొయ్యే ధైర్యం నాకు లేకపాయె, వానికెందుకుండాలె అని మాత్రం పైకి అనుకోలే. లోపల గదే నడుస్తుండె.

గద్వాల దాక

సోమవారం పగటీలి క్లాసు అయిపోయి వచ్చి కూసున్న. కాశీం భాయ్ నా బల్ల మీద ఒక సీసా పెట్టిండు. మూతకు గుడ్డ కట్టి ఉంది.

"ఏంది భాయ్ ఇది?"

"కుర్మయ్య వాళ్లమ్మ ఇచ్చింది సార్. పొద్దుగాల కొడుకును బస్సెక్కిచ్చి ఇటు వచ్చింది. మీరు క్లాసుల ఉన్నరు. ఇంట్ల వండిన ఆముదం అంట. మాపటిపూట మోకాలికి రాసి గుడ్డ కట్టుకోమన్నది. ఏడాది సంది వానికోసం నిలబడి చెప్తున్నరు, మీ కాలు ఎంత గుంజుతదో అని బాధపడ్డది."

నేను సీసా పట్టుకున్న. ఇంకా జర వెచ్చగనే ఉండె.

ఎప్పుడు లేసిన్నో, బీరువ ఎప్పుడు తీసిన్నో నాకు గుర్తు లేదు. కుర్మయ్య ఫైలు మూడో అరల ఉంది. మెమోలు రెండూ తీసి అంగిల పెట్టుకున్న. ప్రిన్సిపల్ గేట్ల ఎదురొచ్చిండు. "సార్, ఒకని మెమోలు తీసిన" అన్న. "తీయున్రి, నాకెందుకు చెప్తరు" అనుకుంట లోపటికి పోయిండు. సంతకం కథ గంతే.

సీద గద్వాల బస్సు ఎల్లిపోయింది. కర్నూలు దిక్కు పోయేది ఎక్కిన. పెబ్బేరు దాటి కృష్ణ బ్రిడ్జి మీదికి వచ్చేటాలకు పొద్దు వాలింది. ఎర్రవల్లి చౌరస్తాల దిగి జీపెక్కిన. లోపట జాగ లేదు. ఎనక కడ్డీ పట్టుకొని నిలబడ్డ. ఒక చెయ్యి కడ్డీ మీద, ఒక చెయ్యి మెమోల మీద. అప్పటికి అందరి దగ్గర సెల్లులు ఎక్కడియి, వానికి చెప్పేటందుకు ఏ తొవ్వా లేకుండె. జీపోడు ఊర్ల ఆపిండు. స్టేషన్ జర దూరం. ఆటో కోసం ఆగకుండ ఉరికిన.

యాభైకి దగ్గరపడ్డ మనిషిని. లెక్కల సారును. గద్వాల రోడ్డు మీద చెప్పులు చేత పట్టుకొని ఉరికిన. మోకాలు ఎక్కడ గూడ నొయ్యలే. దేవుడు నా అబద్ధానికి జర మర్యాద ఇచ్చి, ఒక్కసారన్న పట్టుకుంటే బాగుండు అనిపించింది.

రైలు ఇంకా రాలే. ప్లాట్‌ఫారం మీద వాళ్లక్క జొన్నరొట్టెల మూట తమ్ముని సంచిల సర్దుతుంది. నన్ను చూసి వాడు లేసి ఎదురు ఉరికొచ్చిండు.

"అయ్యో సార్, మీ మోకాలు! గా కాలుతోని ఎందుకు ఉరికిన్రు సార్!"

నాకు ఊపిరాడ్తలే. మెమోలు చేతుల పెట్టిన. "జిరాక్సు నడవదు రా. ప్రిన్సిపల్ ఇప్పుడే సంతకం పెట్టిండు" అన్న. ఉన్నదున్నట్టు చెప్పుడు అప్పుడు గూడ నాతోని కాలే. వాడు మెమోలు గుండెకు పెట్టుకొని ఎక్కిఎక్కి ఏడ్చిండు. వాళ్లక్క నన్ను బెంచీ మీద కూసోబెట్టి నా కాలు పిసికింది. బాగున్న కాలును.

రైలొచ్చింది. వాడు కిటికీల నుంచి చెయ్యి ఊపుకుంట పోయిండు. నేను గా బెంచీ మీదనే కూసున్న. వాడు గెలవాలని గప్పుడు మనస్ఫూర్తిగ కోరిన్నా అంటే, సగమే కోరిన. ఇంకో సగం రైలెక్కిన వాణ్ణి చూసి కుళ్లుతనే ఉండె.

వాడు ఏం చెప్పిండు

ఐదు దినాల తర్వాత వాడు కాలేజీకే ఫోన్ చేసిండు. పాసైండు. ఇంకో నాలుగు దినాలకు డాక్టర్లు గూడ సరే అన్నరు. వచ్చినంక అడిగిన, ఏమడిగిన్రు రా అని.

"పోయినసారి ఎందుకు తీసేసిన్రు అనడిగిన్రు సార్. ఇంగ్లీషు రాదని నోరు తెరవలే సార్, అందుకే అన్న. మరి ఈసారి వచ్చిందా అనడిగిన్రు. రాలే సార్, కాని తప్పులైనా తెరుస్త అన్న. నవ్విన్రు."

నన్ను ఎందుకు తీసేసిన్రో నేను ఒక్కనాడు గూడ ఎవ్వర్నీ అడగలే. నన్ను నేను గూడ అడగలే. మోకాలు అనుకుంట కాలం ఎల్లదీసిన. వానికి నాకు ఉన్న ఫరక్ గంతే. లెక్కల తెలివి కాదు, కాళ్ల బలం కాదు.

మీ దగ్గరికి గూడ వస్తరు, కాలేజీల చేరినంక మళ్ల రాస్తనంటరు. అట్లాంటోనికి ధైర్యం చెప్పాలె, కోచింగియ్యాలె అని పరేషాన్ గాకున్రి. ధైర్యం లేనోడు రెండోసారి రానే రాడు. అడిగినది అడిగిన గడియల చేతుల పెట్టున్రి, పక్కకు జరగున్రి. మీకు కడుపుల కాలితే ఇంటికి పొయ్యి కాలున్రి.

శాలువ

గద్వాల స్టేషన్ కథ వాడే కాలేజీల అందరికీ చెప్పిండు. సారు మోకాలు నొప్పితోని నా కోసం ఉరికొచ్చిండు అని. ఏటేట టీచర్స్ డే నాడు ఎవరో ఒకరు గా కథ చెప్తరు. ప్రతిసారి దూరం పెరుగుతుంది, నొప్పి పెరుగుతుంది. నేను తల వంచుకొని కూసుంట. వినయం అనుకుంటరు.

నా రిటైర్మెంటు సభ నాడు గూడ గదే చెప్పిన్రు, శాలువ కప్పిన్రు. కుర్మయ్య సెలవు పెట్టి వచ్చిండు. అప్పటికి పెద్ద ఆఫీసరే. మామూలు తెల్లంగి ఏసుకున్నా మనిషి నిలబడితేనే తెలుస్తుండె. సభ అయిపోంగనే అందరూ నా దగ్గరికి రాలే, వాని సుట్టు మూగిన్రు ఫొటోలకు. ప్రిన్సిపల్ గూడ తన కుర్చీ వానికే ఇచ్చిండు. నా సభ, నా శాలువ, ఫొటోలు వానియి. నిజం చెప్తున్న, గా దినం గూడ కడుపుల కాలింది. నేను ఉండాల్సిన జాగల వాడున్నడు అని. నేను ఎన్నడూ అడుగు పెట్టని జాగను నాదే అనుకునుడు ఏం బుద్ధో నాకు అర్థం కాదు.

పోయేటప్పుడు వాడు నా చేతుల ఒక సీసా పెట్టిండు. మూతకు గుడ్డ. "అమ్మ పంపింది సార్." ప్రతి ఏడు వస్తనే ఉంది ఆ సీసా. నా భార్య ఒక్క చుక్క పారబోయనియ్యదు. రోజూ మాపటికి ముందట కూసొని నా మోకాలికి రాస్తది. ఆమెకు నిన్ననే నిజం చెప్పిన. గుడ్డతోని చేతులు తుడుచుకొని లేసి పోయింది.

కుర్మయ్యా, నువ్వు తెలుగు చదువుడు మర్చిపోలేదనుకుంట. ప్రిన్సిపల్ సంతకం అక్కర లేకుండె. జిరాక్సు నడవదని నాకు ముందే తెలుసు. డాక్టర్లు నా మోకాలు ముట్టనే లేదు, వాళ్ల దాక నేను పోనే పోలే. నాది పదకొండో నంబరు, గాయన చదవలే. మళ్ల రాసేటందుకు వయసుండి గూడ నేను రాయలే.

ఈ ఏడు నుంచి ఆముదం వండొద్దని మీ అమ్మకు చెప్పు. ఎందుకని అడిగితే, ఇది చదివి వినిపియ్యి.